మా బడి తోట మీద టైల్స్ వెయ్యకండి, పర్మిషన్ కాగితం మీద ఇవ్వండి: విశాఖ అధికారులకి బహిరంగ లేఖ

విశాఖపట్నంలో ప్రభుత్వ బడుల బాగోగులు చూసే అధికారులకి, బడుల్లో సివిల్ పనులు చేయించే ఇంజనీర్లకి, మా వార్డు ప్రజాప్రతినిధులకి,

నమస్కారమండి.

మేం నగరంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో కూరగాయల తోట మళ్ళీ బతికించిన వాలంటీర్లం. బడి పేరు ఇక్కడ రాయట్లేదు, ఎందుకంటే పేరు బయటికొస్తే ముందు మాట పడేది అక్కడ పనిచేసే టీచర్లు, వాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు. పేరు, అడ్రస్, ఫోటోలు, కొలతలు అన్నీ మేం పెట్టిన అర్జీల్లో ఉన్నాయి, మీ ఫైల్లో చూస్కోవచ్చు. 2025 జూన్ నుంచి బడి భోజనంలో సన్నబియ్యం ఇస్తున్నారు, గుడ్డు, చిక్కీ, రాగిజావ అందుతున్నాయి, అది మంచి పని, అందుకు థాంక్స్. ఇంక అసలు విషయానికి వస్తాం.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి ఊరంతా చెట్లు పోయాయి కదా, ఈ బడిలో కూడా వేపచెట్లు, పెద్ద బాదం చెట్టు అప్పుడే పడిపోయాయి. అంతకుముందు వెనక గోడ పక్కన టీచర్లే పెంచిన చిన్న కూరపాదులు ఉండేవని పాత స్టూడెంట్స్ చెప్తారు. తర్వాత అదనపు గదులు కట్టారు, కట్టాక మిగిలిన కంకర, ఇటుక ముక్కలు, గట్టిపడిపోయిన సిమెంట్ బస్తాలు ఆ పాదుల మీదే వదిలేసి వెళ్ళిపోయారు. ఏళ్ళ తరబడి అది చెత్త దిబ్బగానే ఉంది, రాలిన ఆకులు తెచ్చి అక్కడే తగలబెట్టేవాళ్ళు, ఆ పొగ నేరుగా క్లాసుల్లోకి వచ్చేది.

మాలో స్టీల్ ప్లాంట్‌లో రిటైర్ అయినవాళ్ళు ఉన్నారు, డిగ్రీ చదివే పిల్లలు ఉన్నారు, ఎక్కువమంది మాత్రం ఆ బడి పిల్లల తల్లులే. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి మా వీధి అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ రూమ్‌లో ఉంటున్న ఒకావిడ, వాళ్ళబ్బాయి అక్కడే ఏడో క్లాస్, మొదటి రోజు గునపం వేసి చూసి "మట్టుందని పిలిసినారు, ఇదేటి బాబూ, సిమెంటే గానీ మట్టెక్కడుంది" అన్నారు. నిజంగానే లేదు. మట్టి తయారు చేసుకోవాల్సి వచ్చింది. తగలబెట్టే ఆకులనే గోతిలో వేసి కుళ్ళబెట్టాం, పెందుర్తి వైపు పాలవాళ్ళ దగ్గర్నుంచి పేడ, మూత్రం తెచ్చాం, అనకాపల్లి బెల్లం, శనగపిండి కలిపి జీవామృతం, అంటే మొక్కలకి పోసే ఎరువు నీళ్ళు, చేశాం, 200 లీటర్ల నీళ్ళకి 10 కిలోల పేడ, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పిండి, గుప్పెడు గట్టు మట్టి, ఈ లెక్క మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసే ఏ రైతుని అడిగినా చెప్తాడు. డ్రమ్ము వాసన క్లాసులకి రాకుండా చివరి మూలకి పెట్టాం.

నీళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లలు కంచాలు కడిగే కుళాయిల నీళ్ళు ఇదివరకు గేటు దాకా పారి అంతా బురద చేసేవి. ఆ నీళ్ళకి చిన్న కాలవ తీసి, ముందు ఒక జల్లెడ పెట్టి, తర్వాత ఇసుక, బొగ్గు నింపిన గుంట మీదుగా అరటి పిలకలకీ చేమదుంపలకీ మళ్ళించాం. మెతుకులన్నీ జల్లెడలో ఆగుతాయి, వాటిని తీసి కంపోస్ట్ గోతిలో వెయ్యడం ఎనిమిదో క్లాస్ వాళ్ళ డ్యూటీ, ఏ రోజు ఎంత అన్నం వదిలేశారో ఆ జల్లెడ చూస్తే తెలిసిపోతుంది, అది చూసి వాళ్ళలో వాళ్ళే "నువ్వు తక్కువ పెట్టించుకోరా" అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. దీనికి ఒక్క చుక్క మంచినీళ్ళు కూడా అదనంగా వాడలేదు.

తోటకూర, గోంగూర, పాలకూర, బచ్చలి, వంగ, బెండ, పందిరి మీద ఆనప, గోడ పొడుగునా మునగ, కరివేపాకు, ఒక నిమ్మచెట్టు. తోటకూర నెల తిరక్కుండా కోతకొచ్చింది. ఊరి మధ్యలో తేనెటీగలు సరిగ్గా రావట్లేదని గుమ్మడికి పిల్లలే పొద్దున్న అసెంబ్లీకి ముందు మగపువ్వు తెంపి ఆడపువ్వుకి అద్దేవాళ్ళు. ఆనప పువ్వేమో సాయంత్రం విచ్చుకుంటుంది, అప్పటికి బడి గంట కొట్టేసి గేటు వేసేస్తారు, అందుకే పిందె చాలా రాలిపోయేది, తర్వాత పాత హెడ్మాస్టర్ గారు అరగంట అదనంగా ఉండటానికి ఒప్పుకున్నాక కాయ నిలిచింది. చిన్న విషయమే, కానీ ఒక అరగంట గేటు తెరిచి ఉంచడానికీ కాయ కాయడానికీ ఇంత దగ్గర సంబంధం ఉంది కాబట్టే ఈ లేఖ రాస్తున్నాం.

ఆ అరగంట, ఆ గేటు, ఆ కుళాయి, అన్నీ నోటి మాట మీదే నడిచాయి. ఆయన ట్రాన్స్‌ఫర్ అయ్యారు. కొత్తగా వచ్చిన మేడం గారు మంచివారే, తోటంటే ఇష్టమే, కానీ "పైనుంచి కాగితం లేకుండా నేను ఏ హామీ ఇవ్వలేను" అన్నారు, ఆవిడ స్థానంలో ఎవరున్నా అంతే అంటారు. పోయిన వేసవి సెలవులకి గేటుకి తాళం వేశారు, మోటార్ ఆపేశారు, తాళం ఎవరి దగ్గర ఉందో కూడా మాకు చెప్పలేదు. ఏప్రిల్ చివర్నుంచి జూన్ 12న బడి తెరిచేదాకా, విశాఖ ఎండలకి, చుక్క నీళ్ళు లేక మునగ, అరటి, నిమ్మ తప్ప అన్నీ పోయాయి. మళ్ళీ మొదట్నుంచీ వేశాం. సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చి చూస్తే ఒక ట్రాక్టర్ లోడు సిమెంట్ టైల్స్ పాలకూర మళ్ళ మీద దింపేసి ఉన్నాయి. కాంట్రాక్టర్‌ని అడిగితే ఆవరణ మొత్తం టైల్స్ వెయ్యాలని వర్క్ ఆర్డర్‌లో ఉందన్నారు, తోట ఉన్నట్టు ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఎలా ఉంటుంది, తోట గురించి ఏ కాగితంలోనూ లేదు కదా.

సోమవారం అర్జీల రోజు వెళ్ళి అర్జీ పెట్టాం, రసీదు ఇచ్చారు. కొన్నాళ్ళకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. బడికి ఎవరూ రాలేదు, ఎవరూ ఫోన్ చెయ్యలేదు, టైల్స్ అక్కడే ఉన్నాయి. మళ్ళీ పెట్టాం, మళ్ళీ అదే మెసేజ్. ఇంజనీర్ గారిని కలిస్తే బడి వాళ్ళు లెటర్ ఇవ్వాలన్నారు, బడి వాళ్ళేమో ఇంజనీరింగ్ నుంచి రావాలన్నారు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి బహిరంగంగా రాస్తున్నాం.

తోట పోతే ఎవరికి నష్టం అంటే, మాకైతే కాదు, మాలో చాలామందికి ఇంటి దగ్గర డాబా మీద కుండీలున్నాయి. నష్టపోయేవాళ్ళు వేరే ఉన్నారు.

1. పిల్లల కంచం. బడి భోజనం రూల్స్ ప్రకారం 6 నుంచి 8 క్లాసుల పిల్లలకి రోజుకి మనిషికి 75 గ్రాముల కూరగాయలు పెట్టాలి, చిన్న క్లాసులకి 50 గ్రాములు. నాలుగు వందల మంది పిల్లలనుకుంటే 30 కిలోలు. ఆ 30 కిలోలు మా తోట ఇవ్వదు, ఇస్తుందని మేం ఎప్పుడూ చెప్పలేదు, కొన్ని సెంట్ల స్థలంలో అది అయ్యే పని కాదు. కానీ వారానికి రెండుసార్లు పిల్లలకి తాజా ఆకుకూర ఇవ్వగలదు, మునగాకు ఏడాదంతా ఇవ్వగలదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో మన రాష్ట్రంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ చిన్నపిల్లలే పెరిగి ఈ బడికొస్తారు, ఆ ఆడవాళ్ళే వీళ్ళ తల్లులు. ఐరన్ మాత్రలు వారం వారం ఇస్తున్నారు, ఇవ్వాలి కూడా, కానీ మాత్ర మింగే పిల్లకి కంచంలో ఆకుకూర, పక్కన నిమ్మబద్ద ఉంటే ఆ ఐరన్ ఒంటికి ఇంకా బాగా పడుతుంది. పెద్ద క్లాస్ ఆడపిల్లలు మధ్యాహ్నం తర్వాత బెంచీ మీద తల పెట్టుకుని పడుకోవడం టీచర్లు రోజూ చూస్తున్నారు.

ఇక్కడే ఇంకో సంగతి. మా బడికి భోజనం వ్యాన్‌లో డబ్బాల్లో వస్తుంది, బడిలో పొయ్యి వెలగదు. కళ్ళముందు మళ్ళల్లో తోటకూర ఉంటుంది, పిల్లల కంచంలో మాత్రం ఉండదు. ఇప్పటిదాకా వంతులవారీగా పిల్లల ఇళ్ళకి కట్టలు పంపిస్తున్నాం, నిమ్మకాయలు మాత్రం భోజనం దగ్గరే కోసి పంచుతున్నాం.

2. ఇంటి ఖర్చు. ఈ పిల్లల ఇళ్ళల్లో ఆటో నడిపేవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, కంపెనీల్లో కాంట్రాక్ట్ లేబర్ ఉన్నారు. ఒక గది, దాని ముందు మెట్లు, అంతే, కుండీ పెట్టుకోడానికి కూడా చోటుండదు, పెడితే ఓనర్ ఒప్పుకోడు. రైతు బజార్‌లో రేట్లు తక్కువే కానీ ఎంవీపీ కాలనీకో సీతమ్మధారకో పొద్దున్నే వెళ్ళి రావాలంటే ఆటో చార్జీలు, పోయిన పని గంటలు లెక్కేసుకుంటే బండి మీద కొనేదే మేలనిపిస్తుంది. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు ఇలాంటి ఇళ్ళల్లో ముందు తగ్గింది కూరే, అన్నం కాదు. చారు, పచ్చడి, ఏదో ఒకటి వేసుకుని తినేస్తారు. వారానికి రెండు కట్టల ఆకుకూర, ఒక ఆనపకాయ బడి నుంచి ఇంటికి వెళ్ళడం అలాంటి ఇంట్లో లెక్కలోకి వచ్చే విషయం. ఆనపకాయ ఇంటికి తీసుకెళ్ళిన పిల్లవాడు మర్నాడు వచ్చి ఏం వండారో చెప్తాడు, పులుసా, పాలు పోసిన కూరా అని.

3. వాన నీళ్ళు, వేడి. ఆవరణలో మిగతాచోట్ల టైల్స్ వేశాక ఇంక మట్టి మిగిలేది ఆ తోట ఒక్కచోటే. అది కూడా మూసేస్తే వానంతా రోడ్డు మీదకే, రోడ్డు పక్క పల్లంలో ఉన్న ఇళ్ళల్లోకే. పై నుంచి ఎండకి కాలిన టైల్స్ పక్కనే కిటికీలు, కరెంటు పోతే ఆ గదుల్లో కూర్చోవడం ఎలా ఉంటుందో మే నెల ఒక్కరోజు వచ్చి చూడండి.

4. తల్లిదండ్రుల గౌరవం. దీన్ని ఎవరూ లెక్కెయ్యరు, మేం వేస్తున్నాం. బడికి పిలిస్తే ఒక మూల నిలబడి సంతకమో వేలిముద్రో వేసి వెళ్ళిపోయే తల్లులు, పందిరి ఎలా కట్టాలో, వంగ నారు ఎంత ఎడంగా పెట్టాలో పిల్లలకీ టీచర్లకీ చెప్తున్నారు. పైన చెప్పిన ఆవిడే ఏడో క్లాస్ పిల్లలకి బూడిద చల్లి పేనుబంక ఎలా తగ్గించాలో చూపిస్తుంటే సైన్స్ మేడం పక్కన కూర్చుని నోట్స్ రాసుకున్నారు. వాళ్ళబ్బాయి ఆ రోజు ముందు వరసలో కూర్చున్నాడు. సొంతూళ్ళో భూమి లేక, ఉన్నా పండక ఈ ఊరొచ్చినవాళ్ళు వీళ్ళు, వాళ్ళకి వచ్చిన విద్యకి నగరంలో ఎక్కడా విలువ లేదు, ఆ బడి వెనకాల తప్ప.

5. తర్వాత ఎవరూ రారు. ఒకసారి ఎండబెట్టి, రెండోసారి టైల్స్ వేసి కప్పేస్తే, రేపు మీరే పచ్చదనం పరిశుభ్రత అని ప్రోగ్రాం పెట్టి మొక్కలు నాటమన్నా ఫోటోకి వస్తారు గానీ నీళ్ళు పొయ్యడానికి రారు.

మీ ఆఫీసుల్లో మాకు వినిపించిన అభ్యంతరాలకి కూడా జవాబు చెప్తాం. పాములొస్తాయన్నారు. పాములుంటే ఆ కంకర దిబ్బలో ఉంటాయి, దాన్ని తీసినవాళ్ళం మేం, మళ్ళ మధ్య దారి శుభ్రంగా ఉంటుంది, వచ్చి చూడండి. దోమలు, డెంగ్యూ అన్నారు, అది న్యాయమైన భయమే, అందుకే డ్రమ్ములన్నిటికీ మూతలున్నాయి, ప్రతి శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్ళన్నీ పారబోసే రోజు, పాటిస్తున్నాం, కాలవలో నీళ్ళు నిలవవు. పిల్లలతో కూలి పని చేయిస్తున్నారన్నారు. గునపం, పార పట్టేది పెద్దవాళ్ళే, పిల్లలు నచ్చితే వస్తారు, క్లాస్ ఎగ్గొట్టి రావడం లేదు, శిక్షగా పంపడం అసలే లేదు. గాలిలో దుమ్ము, మట్టిలో కెమికల్స్ సంగతేంటి అని ఒక ఇంజనీర్ గారు అడిగారు, ఆ ప్రశ్న మాకు నచ్చింది. ఈ ఊళ్ళో పరిశ్రమల పక్కన బతికేవాళ్ళందరూ అడగాల్సిన ప్రశ్న అది, మట్టి, నీళ్ళు టెస్ట్ చేయిస్తే మాకూ ధైర్యం, అది డిమాండ్లలో పెట్టాం.

ఇంక ఇదేదో మా సరదా కాదు, ప్రభుత్వం రాసిందే. 2019 అక్టోబర్‌లో కేంద్రం బడుల్లో పోషకాహార తోటల మీద గైడ్‌లైన్స్ ఇచ్చింది, పట్టణాల్లో స్థలం లేకపోతే డాబాల మీద, కుండీల్లో, సంచుల్లో అయినా పెంచమంది, వ్యవసాయ, ఉద్యాన శాఖల సాయం తీస్కోమంది, ఒక్కో తోటకి 5000 రూపాయల దాకా ఇవ్వొచ్చంది. కట్టడాల చెత్త ఎక్కడ పడితే అక్కడ పొయ్యకూడదని 2016లోనే రూల్స్ వచ్చాయి. 2009 విద్యాహక్కు చట్టంలో బడి అభివృద్ధి ప్లాన్ తయారుచేసే పని స్కూల్ కమిటీకి ఇచ్చారు, కాంట్రాక్టర్‌కి కాదు. డాబాల మీదైనా పెంచమన్న చోట, ఉన్న నేలని మూసెయ్యడం ఎలా సబబో మీరే చెప్పాలి.

మేం అడుగుతున్నవి ఇవి:

1. మళ్ళ మీద దింపిన టైల్స్ వెంటనే తీయించండి. ముందు భాగంలో, పిల్లలు నడిచే దారిలో వేసుకోండి, మాకు అభ్యంతరం లేదు, వానాకాలం బురద మాకూ తెలుసు. తోట ఉన్న స్థలాన్ని మాత్రం వర్క్ ఆర్డర్ నుంచి తీసేసి ఆ కాపీ బడికి ఇవ్వండి.

2. తోటకి రాతపూర్వక పర్మిషన్. హెడ్మాస్టర్ పేరు మీద కాదు, బడి పేరు మీద. ఎవరు ట్రాన్స్‌ఫర్ అయినా, ఎవరు కొత్తగా వచ్చినా చెల్లేలా, స్కూల్ కమిటీ తీర్మానంతో, బడి అభివృద్ధి ప్లాన్‌లో కొలతలతో సహా ఎక్కించి. మిగతావన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి, అన్నీ కుదరకపోయినా ఇదొక్కటి ముందు చెయ్యండి.

3. వేసవి సెలవుల్లో రోజుకి రెండు పూటలా గంట సేపు గేటు, కుళాయి. తాళం స్కూల్ కమిటీ సభ్యుల్లో ఒకరి దగ్గర ఉంచండి, వచ్చి వెళ్ళినవాళ్ళు రిజిస్టర్‌లో సంతకం పెడతారు. ఏదైనా పోతే బాధ్యత మాది, రాసిస్తాం.

4. వారానికి రెండు రోజులు తోట ఆకుకూర బడిలోనే వండి భోజనంతో పాటు వడ్డించే ఏర్పాటు. ఒక గ్యాస్ స్టవ్, శుభ్రమైన వంట చోటు, వండే అమ్మలకి గౌరవ వేతనం. ఊరికే వచ్చి వండిపెట్టమని వాళ్ళని అడగకండి, మేం కూడా అడగం.

5. మట్టి, నీళ్ళ పరీక్ష ఏడాదికొకసారి. అనకాపల్లిలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం పక్కనే ఉంది, వాళ్ళని అడగొచ్చు. రిపోర్ట్ నోటీస్ బోర్డ్ మీద పెట్టండి. బాగోలేదని వస్తే ఆ మళ్ళల్లో తినేవి వెయ్యడం మేమే ఆపేస్తాం.

6. మా అర్జీలు పరిష్కరించబడ్డాయి అని మూసేసినవాళ్ళు ఏ ఆధారంతో మూశారో చెప్పండి, మళ్ళీ తెరవండి, ఈసారి ఎవరో ఒకరు బడికి వచ్చి చూసి రాయండి. మేం ఉంటాం, హెడ్మాస్టర్ మేడం గారూ ఉంటారు.

ఇలాంటి తోటలు పెంచుతున్న, పెంచి పోగొట్టుకున్న బడులు ఈ ఊళ్ళో ఇంకా ఉంటే అక్కడి తల్లిదండ్రులు, టీచర్లు కూడా మీ స్కూల్ కమిటీలో తీర్మానం పెట్టించి కాగితం తీస్కోండి, మా తీర్మానం నమూనా కావాలంటే ఇస్తాం.

ఏప్రిల్ చివర్లో మళ్ళీ సెలవులిస్తారు, మళ్ళీ గేటు పడుతుంది. ఇప్పుడు పందిరి మీద ఆనప పూత మీద ఉంది, మునగ కాయ దిగుతోంది. అందుకని మేం అడిగినవాటిలో 2, 3 నంబర్ల మీద మీ నిర్ణయం సెలవులకి ముందే, రాతలో, సంతకంతో కావాలి. ఈ లేఖ కాపీలు పైన చెప్పిన అందరికీ రిజిస్టర్డ్ పోస్ట్‌లో కూడా పంపిస్తున్నాం. మార్చి నెలాఖరు దాకా జవాబు రాకపోతే స్కూల్ కమిటీ సభ్యులతో, పిల్లల తల్లులతో కలిసి మీ ఆఫీసుకే వస్తాం, అపాయింట్‌మెంట్ ఏ రోజు ఇస్తారో ముందుగా చెప్తే కూలి పనికి వెళ్ళేవాళ్ళు ఆ రోజు సెలవు పెట్టుకుంటారు.

ఇట్లు,
బడి తోట వాలంటీర్లు, పిల్లల తల్లిదండ్రులు
విశాఖపట్నం